రెండు వారాల్లో ఎంత పని? స్ప్రింట్ ప్లానింగ్‌పై ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్ టీముల్లో పనిచేసేవాళ్లకు స్ప్రింట్ ప్లానింగ్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండు వారాలకోసారి టీమంతా కూర్చుని, వచ్చే పది పనిదినాల్లో ఏమేం చేయాలో తేల్చుకుంటుంది. దీని మీద పుస్తకాలు వచ్చాయి, సర్టిఫికెట్లు వచ్చాయి, దీనికోసమే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. అయినా చాలా టీముల్లో రెండో గురువారం వచ్చేసరికి సగం స్టోరీలు బోర్డు మీద మధ్య గడుల్లోనే ఉంటాయి. శుక్రవారం వాటిని తరువాతి స్ప్రింట్‌లోకి జరిపేసి, సోమవారం మళ్లీ అదే సంఖ్యలో కొత్తవి ఎత్తుకుంటారు. ఈ పద్ధతి పుట్టి పాతికేళ్లు దాటింది. ఇందులో నిలబడినవేవి, ఇంకా తెగని వాదాలేవి, మన దగ్గర పనిచేసే టీములకు అక్కరకొచ్చేవేవి అన్నది ఒకసారి చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్తాను. అంచనాలు తప్పుతాయి, తప్పడం సహజం. కానీ టీము తనకోసం వేసుకున్న అంచనాని పైవాళ్లు హామీగా రాసుకున్న రోజున ప్లానింగ్ పాడవుతుంది. మిగతా జబ్బుల్లో చాలావరకు దాని వెంట వచ్చేవే.

1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు పెద్ద సాఫ్ట్‌వేర్ల నిర్మాణం మీద ఒక పేపరు రాశారు. అవసరాలు రాసుకోవడం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ ఒకదాని తరువాత ఒకటి మెట్లు దిగినట్టుండే బొమ్మ అందులో ఉంది. వాటర్‌ఫాల్ అనే పేరు దానికి తరువాత వచ్చింది. ఆ బొమ్మ గీసిన రాయిసే అదే పేపర్లో ఈ పద్ధతి ప్రమాదకరమని హెచ్చరించారు. టెస్టింగ్ చివర్లో ఉంటుంది కాబట్టి డిజైన్‌లో తప్పుంటే అప్పుడుగానీ బయటపడదని, కొత్తరకం సిస్టమ్ కడుతున్నప్పుడు ముందు చిన్నగా ఒకటి కట్టి చూసి తరువాత అసలుది కట్టాలని చెప్పారు. కంపెనీలకు బొమ్మ నచ్చింది, హెచ్చరిక పట్టలేదు. ఏడాదికో రెండేళ్లకో సరిపడా ప్లాను ముందే గీసి, దాని ప్రకారం మనుషుల్ని నడిపించడం అలవాటైపోయింది.

దీనికి ఎదురు మాట నెమ్మదిగా, చాలా చోట్ల నుంచి వచ్చింది. 1986లో టకేయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ పండితులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. హోండా, కెనాన్, ఫుజీ జిరాక్స్ లాంటి కంపెనీల్లో కొత్త వస్తువు తయారు చేసే బృందాలు దశలవారీగా చేతులు మార్చుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క జట్టుగా ముందుకు పోతున్నాయని అందులో చూపించారు. ఆ జట్టుని రగ్బీ ఆటతో పోల్చారు. స్క్రమ్ అన్న పేరు అక్కడిదే. 1993లో ఈసెల్ కార్పొరేషన్‌లో జెఫ్ సదర్లాండ్ ఆ పద్ధతిని సాఫ్ట్‌వేర్‌కి తెచ్చారు. 1995లో కెన్ ష్వేబర్ దాన్ని పేపరుగా రాసి ఒక సదస్సులో వివరించారు.

ప్లానింగ్ వరకే చూస్తే, స్క్రమ్ కన్నా ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌కి మనం ఎక్కువ రుణపడి ఉన్నాం. క్రైస్లర్ కార్ల కంపెనీలో ఉద్యోగుల జీతాల సిస్టమ్ కొత్తగా రాస్తూ చిక్కుల్లో పడ్డ ప్రాజెక్టులోకి 1996లో కెంట్ బెక్ వచ్చారు. కొద్దికాలానికి రాన్ జెఫ్రీస్ కూడా వచ్చారు. వాళ్లు అక్కడ తేల్చుకున్న పద్ధతిని బెక్ 1999లో పుస్తకంగా రాశారు. అందులోని ప్లానింగ్ గేమ్‌కి ఉన్న నియమం చాలా చిన్నది. ఏది కావాలి, ఏది ముందు కావాలి అన్నది వ్యాపారం చూసేవాళ్లు చెప్పాలి. ఎంత పడుతుంది అన్నది పని చేసేవాళ్లే చెప్పాలి. ఒకరి అధికారంలోకి ఇంకొకరు రాకూడదు. దానికి జోడుగా ఇంకో నియమం కూడా పెట్టారు. పోయిన దఫా ఎంత పని నిజంగా పూర్తయిందో, ఈ దఫా అంతే ఎత్తుకోవాలి. నిన్నటి వాతావరణమే ఇవాళా ఉంటుందనుకోవడం లాంటిదని దానికి ‘నిన్నటి వాతావరణం’ అనే పేరు పెట్టారు. ఇప్పుడు పెద్ద పెద్ద చార్టులతో చెప్పే వెలాసిటీకి మూలం ఆ ఒక్క వాక్యమే.

ఆ క్రైస్లర్ ప్రాజెక్టు 1997లో కొంతమంది ఉద్యోగులకు జీతాలు లెక్కగట్టే స్థాయికి వచ్చింది. కానీ 2000 ఫిబ్రవరిలో కంపెనీ దాన్ని ఆపేసింది. ఈ పద్ధతిని బోధించే చాలామంది ఈ విషయం దాటేస్తారు. దాటేయకూడదు. ప్రతి రెండు మూడు వారాలూ బాగా ప్లాన్ చేసుకున్నంత మాత్రాన ప్రాజెక్టు బతుకుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఆ ప్లాను దేనికోసమో, ఎవరికోసమో కూడా నిలకడగా ఉండాలి.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కలుసుకుని ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. ఆ తరువాత కథ అందరికీ తెలిసిందే. పద్ధతులు ఎన్నొచ్చినా ఈ ఇరవై ఏళ్లలో టీములు పట్టుకున్నది ఎక్కువగా స్క్రమ్‌నే.

స్క్రమ్ గైడ్ 2020 ముద్రణ ప్లానింగ్ సమావేశానికి మూడు ప్రశ్నలు పెట్టింది. ఈ స్ప్రింట్ ఎందుకు? ఏమేం చేయగలం? ఎలా చేస్తాం? నెల రోజుల స్ప్రింట్‌కి ఈ సమావేశం ఎనిమిది గంటలు దాటకూడదు, చిన్న స్ప్రింట్‌కి ఇంకా తగ్గాలి. మన టీముల్లో చాలావరకు మొదటి ప్రశ్న అడగడమే లేదు. బ్యాక్‌లాగ్‌లో పై నుంచి వరసగా స్టోరీలు తీస్తూ, పాయింట్లు కూడుతూ పోతారు. మొత్తం ముప్పయ్యో నలభయ్యో కాగానే ఆపేస్తారు. స్ప్రింట్ గోల్ అన్న గడిలో ఆ స్టోరీల పేర్లే మళ్లీ రాస్తారు. గోల్ లేని స్ప్రింట్‌లో ఏడో రోజున ఏదైనా అడ్డం పడితే, ఏది వదలాలో చెప్పే ఆధారం ఉండదు. అన్నీ సమానమే అయినప్పుడు అన్నీ సగంసగం మిగులుతాయి. ఈ మూడింటిలో ఒక్కటే బాగుచేసుకునే ఓపిక ఉంటే, మొదటి ప్రశ్నే బాగుచేసుకోమంటాను.

అంచనాల సంగతి ఇంతకన్నా లోతైనది. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువ చేసి చూస్తాడని, అదే పని వెనకటిసారి ఎంత పట్టిందో తెలిసినా అలాగే చూస్తాడని డేనియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో రాశారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. డిగ్రీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగితే విద్యార్థులు సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే 49 దాకా చెప్పారు. నిజంగా పట్టింది 55 పైన. అంటే మనం ‘వర్స్ట్ కేస్’ అని చెప్పే సంఖ్య కూడా ఆశతో చెప్పిందే. నార్వేలో మాగ్నె యోర్గెన్‌సన్ సాఫ్ట్‌వేర్ అంచనాల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అంచనా వేసే ముందు క్లయింట్ ఆశిస్తున్న సంఖ్య ఏదో ఒకటి చెవిన పడితే, దాన్ని పట్టించుకోవద్దని చెప్పినా నిపుణుల అంచనా అటువైపే జరుగుతుందని ఆయన పరిశోధనల్లో తేలింది. ‘ఇది రెండు రోజుల పనే కదా’ అని మేనేజరు ముందే అనేస్తే, ఆ తరువాత వచ్చే అంచనా టీముది కాదు.

దీనికి మందు వెతుకుతూ బారీ బోమ్ తదితరులు, నిపుణులు ఎవరికి వారు రాసి, తరువాత చర్చించి, మళ్లీ రాసే పద్ధతి తయారు చేశారు. దాన్ని 2002లో జేమ్స్ గ్రెనింగ్ తేలిక చేసి ప్లానింగ్ పోకర్‌గా మార్చారు. 2005లో మైక్ కోన్ పుస్తకంతో అది ఊరూరా పాకింది. చేతిలో 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 అంకెల కార్డులుంటాయి. అందరూ ఒకేసారి తిప్పాలి. ఒకరి మాట వినకముందే ప్రతివాళ్లూ తమ మాట చెప్పాలన్నదే దీని ప్రాణం. ‘సీనియర్ ఎంతంటే అంత’ అని చాట్‌లో వరసగా టైప్ చేసే టీములు కార్డులు వాడుతున్నా పోకర్ ఆడట్లేదు.

ఇది ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. కరెంటు బిల్లు కట్టే యాప్ చేస్తున్నారనుకోండి. ‘వినియోగదారుడు తన పాత బిల్లులన్నీ చూడగలగాలి’ అన్నది స్టోరీ. కార్డులు తిప్పారు. నలుగురు 3 వేశారు. టెస్టింగ్ చేసే అమ్మాయి 13 వేసింది. సగటు తీసి 5 రాసేస్తే సమావేశం రెండు నిమిషాల్లో ముగుస్తుంది, అసలు విషయం మాత్రం బయటికి రాదు. ‘ఎందుకమ్మా పదమూడు?’ అని అడిగితే ఆమె చెప్తుంది: మీటర్లు మార్చిన ఇళ్లకు సర్వీస్ నంబర్లు మారాయి, పాత బిల్లులన్నీ పాత నంబరు మీదే ఉన్నాయి, రెండూ కలిపే పట్టిక ఎక్కడా సరిగ్గా లేదు. మిగతా నలుగురికి ఈ సంగతి తెలియదు. అప్పుడు ప్రొడక్ట్ ఓనర్‌ని అడగాల్సింది ఒక్కటే: జనానికి కావాల్సింది ఎన్నాళ్ల బిల్లులు? ఆయన ‘ఎక్కువమందికి గడిచిన ఏడాదివి చాలు’ అంటే స్టోరీ అక్కడికక్కడే రెండవుతుంది. నంబరు మారని ఇళ్లకు పన్నెండు నెలల బిల్లులు ఈ స్ప్రింట్‌లోకి వస్తాయి. నంబరు మారినవాళ్ల సంగతి, పట్టిక దొరికాక, వచ్చే స్ప్రింట్‌లోకి వెళ్తుంది. ఇక్కడ 3 నెగ్గిందా, 13 నెగ్గిందా అన్నది అనవసరం. పదో రోజున తెలియాల్సింది మొదటి రోజునే తెలిసింది.

స్టోరీని ఎలా కోయాలన్న ప్రశ్నకు కూడా ఇందులో జవాబుంది. మన టీముల్లో చాలామంది డేటాబేస్ పని ఈ స్ప్రింట్, సర్వీసులు వచ్చే స్ప్రింట్, స్క్రీన్లు ఆ పై స్ప్రింట్ అని అడ్డంగా కోస్తారు. అలా కోస్తే మూడో స్ప్రింట్ దాకా ఎవరూ ఏమీ వాడి చూడలేరు. పొరలన్నీ కలుపుతూ నిలువుగా కోస్తే, పైన చెప్పినట్టు కొద్దిమందికైనా పూర్తిగా పనిచేసేది ప్రతి స్ప్రింట్ చివరా చేతిలో ఉంటుంది. స్టోరీ రెండు మూడు రోజుల్లో ముగిసేంత చిన్నదైతే, పాయింట్ల గొడవ సగం తగ్గిపోతుంది.

పాయింట్లు ఎక్కడ చెడ్డాయన్నది కూడా చెప్పుకోవాలి. అవి టీము లోపలి కొలతగా పుట్టాయి. తానే వాటిని కనిపెట్టి ఉండొచ్చని, అదే నిజమైతే అందుకు విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ 2019లో రాశారు. మేనేజ్‌మెంట్ వాటితో టీముల్ని పోల్చడం, ఎప్పటికల్లా పూర్తవుతుందని పిండటం చూసి ఆయన ఆ మాటన్నారు. ఒక టీము వెలాసిటీ 40, ఇంకో టీముది 25 అని ఒకే స్లైడులో పెడితే, మూడు నెలల్లో రెండో టీము కూడా 40కి చేరుతుంది. పని పెరగదు, ప్రతి స్టోరీ మీదా అంకె పెరుగుతుంది. దాంతో టీము చేతిలో ఉన్న ఒకే ఒక నిజమైన కొలత కూడా పోతుంది.

స్క్రమ్ రాసినవాళ్లు ఈ ప్రమాదం గుర్తించారు. 2011లో గైడ్‌లో, టీము ఎత్తుకున్న పనిని హామీ అనడం మాని, ముందస్తు అంచనా అన్నారు. 2020లో హామీ అన్న మాట స్ప్రింట్ గోల్‌కి ఇచ్చారు. లెక్క సరైనదే: గోల్‌కి కట్టుబడొచ్చు, స్టోరీల జాబితాకి కట్టుబడకూడదు. ఈ మార్పు వచ్చి పదిహేనేళ్లవుతున్నా ‘ఈ స్ప్రింట్‌కి ఎన్ని పాయింట్లు కమిట్ అవుతున్నారు?’ అన్న ప్రశ్న మన ఫోన్ కాల్స్‌లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

అసలు స్ప్రింటూ వద్దు, అంచనా కూడా వద్దు అన్న వాదానికి పునాదిరాయి పడింది హైదరాబాద్‌లోని ఒక టీము పనిలోనే. తెలుగువాళ్లలో ఇది తెలిసినవాళ్లు తక్కువ. 2004లో మైక్రోసాఫ్ట్‌లో లోపలి అప్లికేషన్లకు చిన్న చిన్న మార్పులు చేసే ఒక బృందం ఉండేది. పని చేసే డెవలపర్లు, టెస్టర్లు హైదరాబాద్‌లో, పని అడిగేవాళ్లు అమెరికాలో. ఒక మార్పు అడిగితే చేతికొచ్చేసరికి సుమారు ఐదు నెలలు పట్టేది. అడిగినవాళ్లెవరికీ తృప్తి లేదు. ప్రోగ్రామ్ మేనేజర్ డ్రాగోష్ దుమిత్రియు, డేవిడ్ ఆండర్సన్ సాయంతో ఈ టీము పనిని దగ్గర్నుంచి చూశారు. కొత్త విన్నపం రాగానే రెండు రోజుల్లోపు అంచనా ఇవ్వాలన్న నియమం ఉండేది. దానికోసం ప్రతిసారీ డెవలపరూ టెస్టరూ చేస్తున్న పని ఆపి పాత కోడ్ తవ్వాలి. టీము శక్తిలో మూడో వంతు దాకా అంచనాలకే పోతోంది. పైగా అంచనా వేసినవాటిలో చాలావి పనిదాకా వచ్చేవే కావు. అందుకని అంచనాలు ఆపేశారు. ఒకేసారి చేతిలో ఉండే పనులకు పరిమితి పెట్టారు. ఖాళీ అయిన చోట ఏది పెట్టాలో అడిగేవాళ్లే వారం వారం తేల్చుకోవాలన్నారు. సుమారు ఏడాది గడిచేసరికి ఐదు నెలలు కాస్తా రెండు వారాలయ్యాయి. కోడ్ రాసే తీరు మాత్రం మార్చలేదు. ఆండర్సన్ 2010లో రాసిన కాన్‌బాన్ పుస్తకంలో ఈ కథ ఒక అధ్యాయం.

దీని వెనక ఉన్న లెక్క జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమే. చేతిలో ఉన్న పనుల సంఖ్యని, రోజుకి ముగిసే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి పట్టే సగటు సమయం వస్తుంది. రోజుకి ఒకటి ముగిసే టీము ఇరవై మొదలుపెడితే ఒక్కోటీ ఇరవై రోజులు. ఐదే మొదలుపెడితే ఐదు రోజులు. మనుషులు అంతే, శ్రమ అంతే. ఎవరినీ ఖాళీగా ఉంచకూడదని ప్లానింగ్‌లోనే ఒక్కొక్కరికీ మూడేసి స్టోరీలు అంటగట్టే టీము లీడులు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి.

2012 నుంచి వుడీ జూయిల్, వాస్కో దువార్తే తదితరులు అంచనాలు లేకుండా పనిచేయడం గురించి గట్టిగా మాట్లాడారు. 2019లో బేస్‌క్యాంప్ కంపెనీకి చెందిన రయన్ సింగర్ ఇంకో దారి రాశారు. ఆరు వారాల దఫా, తరువాత రెండు వారాల విరామం, బ్యాక్‌లాగ్ లేదు. ఇదెంత పడుతుందని అడగరు, దీనికోసం ఎంత సమయం పెట్టడానికి సిద్ధమని అడుగుతారు. ఆరు వారాల్లో ముగియకపోతే పొడిగింపు దానంతటది రాదు. సొంత ప్రొడక్ట్ చేసుకునే చిన్న కంపెనీకి ఇది చక్కగా సరిపోతుంది. కాంట్రాక్టు మీద పనిచేసే టీముకి ఇంత స్వేచ్ఛ ఎవరిస్తారన్నది నాకున్న సందేహం. అటు చివర, చాలా టీములు కలిసి ప్లాన్ చేసుకోవడానికి 2011లో డీన్ లెఫింగ్‌వెల్ తెచ్చిన సేఫ్ అనే పద్ధతి ఉంది. యాభై నుంచి నూట పాతిక మంది రెండు రోజులు కూర్చుని, ఎనిమిది నుంచి పన్నెండు వారాల పని గీస్తారు. ఒక టీము పని ఇంకో టీము మీద ఆధారపడే చోట ఆ రెండు రోజులు వృథా కావు. కానీ పన్నెండు వారాల ప్లానుని రాయి మీద రాతలా పట్టుకుంటే, వెళ్లిపోయిందనుకున్న వాటర్‌ఫాల్ వేరే దుస్తుల్లో తిరిగొచ్చినట్టే.

ఇంత గొడవ పడి చిన్న దఫాల్లో ప్లాన్ చేస్తే లాభమేంటో ఎఫ్‌బీఐ అనుభవం చెబుతుంది. కేసు ఫైళ్ల కోసం కడుతున్న వర్చువల్ కేస్ ఫైల్ అనే సిస్టమ్‌ని 2005లో వదిలేశారు. అప్పటికే 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 2006లో సెంటినెల్ పేరుతో మళ్లీ మొదలుపెడితే అదీ వెనకబడింది. 2010లో ఎఫ్‌బీఐ పనిని చాలావరకు తన చేతిలోకి తీసుకుని, చిన్న టీముతో రెండు వారాల స్ప్రింట్లు నడిపింది. 2011 సెప్టెంబరుకి పూర్తవుతుందన్నారు, 2012 జులైకి గానీ కాలేదు. గడువు తప్పింది. కానీ తప్పుతోందన్న సంగతి స్ప్రింట్ స్ప్రింట్‌కీ అంకెల్లో కనబడింది, తనిఖీ అధికారులు కూడా దాన్ని చూసి రాశారు. చివరికి సిస్టమ్ నిలబడింది. అంతకుముందు దశాబ్దంలో వాళ్లకు దొరకనిది ఆ ముందస్తు కబురే.

మన దగ్గరి పరిస్థితుల్లో ప్లానింగ్‌కి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. న్యూయార్క్‌లో పొద్దున పదిన్నర అయితే మనకి కాలాన్ని బట్టి రాత్రి ఎనిమిదో, తొమ్మిదో. ప్లానింగ్ కాల్ ఆ వేళకే పెడతారు. అప్పటికే పది గంటలు పనిచేసిన టీము త్వరగా ముగించాలనే చూస్తుంది, ‘ఓకే’ అనేస్తుంది. ఇంకా మోసం చేసేది కెపాసిటీ లెక్క. ఏడుగురు, పది రోజులు, కాబట్టి డెబ్బై మనిషిరోజులు అని రాస్తారు. జనవరి రెండో వారంలో మొదలయ్యే స్ప్రింట్‌ని తీసుకోండి. సంక్రాంతికి ఐదుగురు ఊరెళ్తారు, ఒక్కొక్కరు మూడేసి రోజులంటే పదిహేను పోయాయి. ప్రొడక్షన్ సపోర్ట్‌కి ఒకరు పూర్తిగా పోతారు, ఇంకో పది. మిగిలిన నలభై ఐదులో మీటింగులు, కోడ్ రివ్యూలు, కొత్తగా చేరినవాళ్లకు చెప్పడం పోను ముప్పై ఐదు మిగిలితే గొప్ప. డెబ్బైకి ప్లాన్ వేసి ముప్పై ఐదు చేసిన టీముకి రెట్రోలో వచ్చే పేరు ‘అండర్ డెలివరీ’. ఆ మాట పడాల్సింది టీము మీద కాదు, డెబ్బై అని రాసిన లెక్క మీద.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, పని చేయనివాళ్లు అంచనా వేయడం. క్లయింట్ దగ్గర కూర్చున్న ఆర్కిటెక్టో లీడో సంఖ్య ఒప్పేసుకుంటారు, ఇక్కడి టీము దాన్ని ‘ప్లాన్’ చేస్తుంది. 1999లో బెక్ రాసిన మొదటి నియమం అక్కడే తెగిపోతుంది. ఆ తరువాత కార్డులు తిప్పినా, పాయింట్లు వేసినా, పైనుంచి వచ్చిన సంఖ్యకి సరిపోయేలా వెనక్కి లెక్కలు కట్టడమే మిగులుతుంది.

ఇన్ని పద్ధతులు చూశాక నేను తేల్చుకున్నది ఇది. సపోర్ట్ పని, చిన్న మార్పులు ఎక్కువగా వచ్చే టీముకి స్ప్రింట్ అవసరమే లేదు, హైదరాబాద్ టీము చేసినట్టు చేతిలోని పనికి పరిమితి పెట్టుకుంటే చాలు. కొత్తగా ఏదైనా కడుతున్న టీముకి రెండు వారాల స్ప్రింట్ మంచిదే, ఒక్క గోల్, చిన్న స్టోరీలు, నిన్నటి లెక్క ఉంటే. పాయింట్లా, గంటలా, ఊరికే స్టోరీల సంఖ్యా అన్నది ఎవరిష్టం వాళ్లది. ఏ టీముకైనా ప్రొడక్షన్ గొడవలకు ఐదో వంతు ఖాళీ ఉంచుకోవడం తప్పనిసరి అంటాను.

మేనేజర్లకూ డెలివరీ హెడ్‌లకూ ఒక విన్నపం. మీ నెలవారీ రివ్యూ స్లైడుల్లో టీముల వెలాసిటీలు పక్కపక్కన పెట్టే చార్టు ఉంటే ఈ నెల నుంచి తీసేయండి. దాని బదులు ప్రతి స్ప్రింట్ చివరా పనిచేసే సాఫ్ట్‌వేర్ డెమోకి వచ్చి కూర్చోండి. అంచనా ఎంతని అడగాల్సి వస్తే, కోడ్ రాసేవాళ్లనీ టెస్ట్ చేసేవాళ్లనీ అడగండి. వాళ్లు సంఖ్య చెప్పేదాకా మీ సంఖ్య చెప్పకండి.